దేవకన్యల ఇంటికి దిష్టిబొమ్మ

ఎండిన మామిడి టెంకకి ఒక వాసన ఉంటుంది. కొంచెం పులుపు, కొంచెం పాత గడ్డివాము, అడుగున ఎక్కడో ఇంకా ఆరని తీపి. మా ఇంట్లో ఆ వాసన బీరువా కింది అరలోంచి వస్తుంది. అక్కడ పట్టుచీరలు ఉండాలని మా ఆయన అభిప్రాయం. ఉన్నవి మాత్రం టెంకలు, విరిగిన గాజు ముక్కలు, ఖాళీ అగ్గిపెట్టెలు, పాత చీరల అంచుల్లోంచి పీకిన జరీ పోగులు, కుంకుడు గింజలు, మందు బిళ్ళల రేకులు. ఇవన్నీ దేనికని ఆయన పెళ్ళైనప్పటి నుంచీ అడుగుతున్నారు, పనికొస్తాయని నేను పెళ్ళైనప్పటి నుంచీ చెబుతున్నాను. మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఫోన్లో చూసి దేవకన్యల తోట ఒకటి తెప్పించుకుంది. ప్లాస్టిక్ పుట్టగొడుగులు, అతికించడమే తరువాయిగా ఉన్న రెక్కలు, అరగంటలో తోట తయారు. అది అయిపోయాక, ఇందులో మంత్రగత్తె లేదు, మనం చేద్దామా అమ్మా అంది. సంబరంగా కింది అర తెరిచాను. మొహానికి టెంక దొరికింది, చీరకి గుడ్డ దొరికింది, జుట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో దానికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మాది నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. ఊరి కంటే ఊరి చుట్టూ ఉన్న మామిడి తోటలే పెద్దవి. మా నాన్న ఒక తోటలో కొమ్మలు కొట్టడం, పాదులు చెయ్యడం, మందు కొట్టడం చేసేవాడు, మా అమ్మ కాయలు దిగే రోజుల్లో పెట్టెలు సర్దేది. మాకు నెలలు క్యాలెండర్లో కాకుండా ముక్కులో ఉండేవి. చలికాలం నడిమిలో పూత విచ్చుకుంటే గాలికి ఒక వగరు తీపి వచ్చేది, మాఘం దాటాక పిందెలు రాలేవి, ఉప్పూ కారం అద్దుకుని తింటే పళ్ళు పులిసిపోయి అన్నం నమలలేక తన్నులు తినేవాళ్ళం, ఎండలు ముదిరాక గెడకి కట్టిన చిక్కంలో కాయ తొడిమతో సహా పడే చప్పుడూ, చెయ్యి మీద సొన పడితే మంటా, మగ్గబెట్టిన గదిలో వరిగడ్డి వెచ్చదనమూ, తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేచి దీపం చుట్టూ తిరిగి తిరిగి రెక్కలు రాల్చుకోవడమూ, అన్నీ వరసగా వచ్చేవి.

ఆ ఉసిళ్ళ రెక్కల కోసమే నేను ఏడాదంతా కాచుకునేదాన్ని. తెల్లారేసరికి అరుగు మీద గుట్టలుగా పడి ఉండేవి. అమ్మ చీపురు తీసేలోపు నేను వెళ్ళి, ఊపిరి బిగబట్టి, కాగితంతో ఎత్తుకుని, బిస్కట్ల రేకు డబ్బాలో దాచుకునేదాన్ని. దేవకన్యలకి అంతకంటే మంచి రెక్కలు దేవుడు కూడా చెయ్యలేడని నా నమ్మకం. రసం టెంకని కడిగి ఎండబెట్టి పాత దువ్వెనతో దువ్వితే పీచు బంగారు రంగు జుట్టులా సాగుతుంది. టెంకని నిలువునా చీల్చి లోపలి జీడి తీసేస్తే ఒక చిప్ప మంచం, ఇంకో చిప్ప ఇంటి కప్పు. తుమ్మబంక నానబెట్టి అతికించేదాన్ని, గాజు ముక్కలు కిటికీలకి పెట్టేదాన్ని, అగ్గిపెట్టె అరలు బీరువాలు అయ్యేవి. ఊళ్ళో టైలరు అంగట్లో కింద పడ్డ గుడ్డముక్కలన్నీ నావే. ఆయనకి ఊడ్చే పని తప్పేది కాబట్టి ఏమీ అనేవాడు కాదు.

ఈ ఇళ్ళన్నీ తోటలో అన్నిటికంటే ముసలి పెద్దరసం చెట్టు తొర్రలో ఉండేవి. ఆ చెట్టుకి పదడుగుల్లో తాటాకు పాక, ఆ పాకలో కోటమ్మ మామ్మ. మాకు చుట్టం కాదు, ఆవిడకి చుట్టాలే లేరు. మొగుడు పోయిన నాటి నుంచి ఆ తోటకి కాపలా. రేకు డబ్బా మోగిస్తూ కోతుల్నీ చిలకల్నీ తోలేది, మోగించడం కంటే తిట్టడం ఎక్కువ. ఆ తిట్లు వింటే కోతులు సరే, దారిన పోయే మనుషులకి కూడా చెట్టు దిగిపోవాలనిపించేది. నా మీద మాత్రం ఆ నోరు లేచేది కాదు. బొత్తాలు, పిన్నీసులు, తెగిన పూసలు ఎక్కడ దొరికినా కొంగున ముడేసి తెచ్చి ఇచ్చేది. దారాన్ని రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి, ముడి పైకి కనపడకుండా వెయ్యడం నాకు నేర్పింది ఆవిడే.

ఒక ఏడు మా వీధిలో కొత్త ఇల్లు లేచింది. గోడలు లేవగానే దాని ముందు గడ్డి కూరిన చొక్కాతో, మీసాలతో, నాలిక బయటపెట్టిన దిష్టిబొమ్మని కట్టారు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. మరి నా దేవకన్యల ఇళ్ళకి దిష్టి తగలదా? అప్పటికే చీమలు ఒక మంచం తినేశాయి, ఉడత ఒక కప్పు పడగొట్టింది. అందుకని మంత్రగత్తెని దిష్టిబొమ్మగా పెట్టాలని నిర్ణయించాను. టెంకకి పసుపు రాసి, కాటుకతో కళ్ళు దిద్ది, కుంకుమతో నోరు పెట్టి, కోరలకి రెండు గుండుసూదులు గుచ్చాను. ఒంటికి టైలరు దగ్గర దొరికిన ఎర్ర గుడ్డ చుట్టి నల్లదారంతో బిగించాను. మందు కాచుకునే గిన్నెకి ఎండిన నిమ్మచిప్ప. ఇక తెల్లజుట్టు కావాలి. పీచు చూస్తే పచ్చగా ఉంది. కోటమ్మ మామ్మ తల దువ్వుకుని రాలిన వెంట్రుకలు ఉండచుట్టి పాక చూరులో దోపుకునేది, జుట్టు కొనేవాడు వస్తే పిన్నులకి మార్చుకోవడానికి. ఒక ఉండ తీసుకున్నాను. బొమ్మ నిలబడలేదు, అందుకని చెట్టు మొదట్లో నడుం దాకా పాతాను. చేతబడికి ఏమేం కావాలో ఎవరైనా జాబితా రాసిచ్చినా అంత పక్కాగా చెయ్యలేకపోయేదాన్నేమో. నాకు తొమ్మిదేళ్ళు.

ఆ చలికాలం పూత విరగబూసి, పది రోజుల్లో మాడిపోయింది. ఆకులన్నీ జిగట, దాని మీద మసి. తేనెమంచు పురుగని మా నాన్న మొత్తుకున్నాడు కానీ తోట గుత్తకి తీసుకున్న రాఘవయ్య గారికి ఆ మాట ఎక్కలేదు, పక్క తోట పచ్చగానే ఉంది మరి. అలాంటప్పుడు, పాదు చేస్తున్న కూలివాళ్ళ పారకి, రాలిన ఆకుల కింద ఉన్న నా బొమ్మ తగిలింది.

నేను బడి నుంచి వచ్చేసరికి ఊరంతా అదే మాట. తెల్లజుట్టు ఎవరిదో చూడగానే తెలిసింది, ఆ తోటలో తెల్లజుట్టు మనిషి ఒక్కతే. ఎర్ర గుడ్డ తన జాకెట్టు ముక్కేనని రాఘవయ్య గారి భార్య గుర్తుపట్టి ఏడ్చిందట. పైగా వెనక ఎండుకొమ్మలు ఏరుకోవద్దన్నందుకు కోటమ్మ మామ్మ ఆయన మొహం మీదే నీ పూత మాడ అని తిట్టిన సంగతి పదిమందీ విన్నదే. అంజనం వేసే ఆయన్ని పిలిపించారు. ఆయన తమలపాకు మీద కాటుక రాసి, దాంట్లోకి చూసి, ముసలి మనిషి కనపడుతోందని చెప్పాడు. అది చెప్పడానికి కాటుక అక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తుంది. మర్నాడు పొద్దున పాక ఖాళీ చేసి పొలిమేర దాటాలన్నారు.

నేను నోరు విప్పలేదు. చెబితే నాన్న చంపేస్తాడని ఒక భయం, నాన్న పని పోతుందని ఇంకా పెద్ద భయం. అమ్మ పచ్చిపులుసు చేసింది, అన్నం దిగలేదు. ఒంట్లో బాలేదని చెప్పి మూలకి ముడుచుకుని పడుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకి పాపం అంటే ఏంటో తెలియదంటారు గానీ, నాకు ఆ రోజు బాగా తెలిసింది.

పొద్దున్నే అందరూ తోటకి వెళ్తుంటే వెనకే వెళ్ళాను. నా బొమ్మల సామానంతా ఉన్న బిస్కట్ల డబ్బా చంకలో పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. కోటమ్మ మామ్మ రెండు సత్తుగిన్నెలు, దుప్పటి, రేకు డబ్బా ఒక గోనెసంచిలో వేసుకుని మూతి కడుతోంది. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆ పొద్దున ఒక్క మాట అనడం లేదు. రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి, గోనెకి ముడేసింది. ఆ చేతులు చూశాక నా వల్ల కాలేదు.

"ఆ బొమ్మ నేను చేశానండి," అన్నాను.

ఎవరూ నమ్మలేదు. ముసల్ది పిల్ల చేత చెప్పిస్తోందని అంజనం ఆయన అన్నాడు. అందరికంటే ముందు మామ్మే నన్ను కసిరింది, "నీకెందుకే ఈ గొడవ, ఇంటికి పో," అని. మా నాన్న మొహం చూడలేక నేల చూశాను. రాఘవయ్య గారు మాత్రం నా చంకలో డబ్బా చూసి, అయితే మళ్ళీ చేసి చూపించు అన్నారు.

చెట్టు కింద మట్టిలో కూర్చున్నాను. చుట్టూ అన్నీ కాళ్ళే. డబ్బాలోంచి టెంక తీశాను, చీర చుట్టాను, దారం రెండు మెలికలు తిప్పి బిగించాను. ఎర్ర గుడ్డ ఇంకో ముక్క మిగిలి ఉంది. టైలరు గారు పారేస్తే తెచ్చుకున్నానండి అంటే, రాఘవయ్య గారి భార్య ముందుకు వంగి చూసి, ఆ గుడ్డ తన జాకెట్టుదేనంది. పసుపూ కుంకుమా లేక బుగ్గల మీద ఇటుక పొడి రాశాను. తర్వాత తొర్రలోంచి ఒక్కొక్క ఇల్లూ, మంచమూ, రెక్కల కన్యా బయటికి తీసి వరసగా పెట్టి, వీళ్ళ ఇంటికి దిష్టిబొమ్మండి అన్నాను. ముందు ఒక ఆడకూలీ నవ్వింది. తర్వాత ఇంకొకరు. రాఘవయ్య గారు నుదుటి చెమట తుడుచుకుని పాదు గట్టు మీద చతికిలబడ్డారు. ఆ మనిషి ఎంత భయపడ్డాడో అప్పుడు తెలిసింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఆయనా నవ్వారు. అంజనం ఆయనకి ఎక్కడో అర్జెంటు పని గుర్తొచ్చింది.

నాన్న వీపు మీద ఒక్కటిచ్చాడు, అదే చేత్తో ఎత్తుకున్నాడు. నేను గుక్కపట్టి ఏడ్చాను. అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు. మర్నాటి నుంచి తోటకి మందు కొట్టారు, మలిపూత నిలబడి ఆ ఏడు కాపు సగానికి సగం వచ్చింది, తిట్లన్నీ పురుగుకే పడ్డాయి.

నాలుగు రోజులు మొహం చాటేసి, ఆఖరికి పాక దగ్గరికి వెళ్ళాను. మామ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తప్పయిందన్నాను. "నీదేనని నాకు చూడగానే తెలిసిందే," అంది. "ఆ ముడి నేను నేర్పిందేగా." మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. పొయ్యిలో పుల్ల ఎగదోసి, "చెబితే మీ నాన్న పని పోదూ? నాదేముంది, ఒక్క ప్రాణం," అంది. తర్వాత తనే లేచి, చూరులోంచి ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టింది. ఈసారి రెక్కలున్న బొమ్మ చెయ్యమంది. దేవకన్యలకి తెల్లజుట్టు ఉండదు మామ్మా అంటే, వాళ్ళు మాత్రం ముసలివాళ్ళు కారా ఏంటే అంది. చేసి ఇచ్చాను. దాన్ని పాకలో వాసానికి వేలాడదీసుకుంది.

ఇప్పుడు ఆ తోట లేదు. కొంత పామాయిల్ వేశారు, కొంత స్థలాలు చేసి రాళ్ళు పాతారు. చెక్కపెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, జుట్టు దోపుకోవడానికి చూరున్న ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు, పెద్దరసం టెంకలు కావాలంటే అందరికీ ముందే చెప్పి పెట్టాల్సి వస్తోంది. కోటమ్మ మామ్మ ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. అదే పాకలో, అదే నోటితో, కోతుల్ని తిడుతూ. పోయిన రోజు పొద్దున కూడా తిట్టిందట.

ఇదంతా విని మా అమ్మాయి గుడ్డ ముక్క చేతిలోకి తీసుకుంది. బొమ్మకి చీర చుడుతూ, నువ్వు ఆ పొద్దున చెప్పకపోయుంటే ఆవిడ ఎక్కడికి వెళ్ళేది అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను, వెళ్ళడానికి ఆవిడకి ఎక్కడా చోటు లేదు.

"చెప్పావుగా అమ్మా," అంది.

"చెప్పాను," అన్నాను.