గీత దగ్గర బూట్లు

నోయిడాలో మా అమ్మాయికి ఫుట్‌బాల్ నేర్పిన కోచ్ దీదీది నిజామాబాద్. ఒకప్పుడు మంచి మిడ్‌ఫీల్డర్. మోకాలు పాడై ఆట మానేసింది. అయినా ప్రతి మ్యాచ్‌కీ బూట్లు తొడిగి, లేసులకు రెండేసి ముళ్లు బిగించి మైదానం గీత పక్కన నిలబడేది. నాకు చూస్తుంటే చిరాకేసేది.

"ఇంకా ఎందుకమ్మా అవి?" అని అడిగేశాను ఒకరోజు.

"ఏమో అక్కా, ఎవరన్న లోపలికి పిలుస్తరేమోనని" అంది.

ఫైనల్ రోజు స్కోరు సమంగా ఉంది. ఆఖరి నిమిషంలో మాకు ఫ్రీకిక్ దొరికింది. కొట్టాల్సింది మా అమ్మాయి. సరిగ్గా అప్పుడే దాని బూటు లేసు తెగింది.

"దీదీ, లేస్ టూట్ గయా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. రిఫరీ ఈల మీద ఈల వేస్తున్నాడు.

దీదీ కింద కూర్చుని తన లేసు పట్టుకుంది. ఆ ముళ్లు ఎంతకీ ఊడలేదు. పళ్లతో కొరికి విప్పింది. దాన్ని మా పిల్ల బూటుకు ఎక్కించి, "ఉరుకు! చూసి కొట్టు" అంది.

గోల్!

"దీదీ, అందర్ ఆవో!" అని పిల్లలంతా లోపలికి రమ్మంటూ అరిచారు.

దీదీ లేచి ఒక అడుగు వేసింది. లేసులేని బూటు జారిపోయింది. రెండో బూటు కూడా విదిలించేసి, సాక్సులతో కుంటుకుంటూ గీత దాటింది.