ఇంజను తాడు

మిరపకాయ ఎండిందో లేదో రెబ్కా చెవితో చూస్తుంది. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమనాలి, అనకపోతే చెమ్మ ఉన్నట్టే. కల్లంలో ఒక కాలు చాపుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, ముప్పై ఏళ్లుగా ఆమె ఏరుతున్నది అలాగే. ఎనభై నాలుగు వేసవిలో రైతు యలమందయ్య కాయల్లోని ఆకూ దుమ్మూ ఎగరగొట్టడానికి పెట్రోలు ఇంజను పంకా తెచ్చాడు. తాడు చుట్టి లాగితే చాలు, కల్లమంతా పొగ, ఘాటు, చెవులు చిల్లులు పడే మోత. ఆడవాళ్లు దగ్గలేక చచ్చారు. మూడో రోజు రెబ్కా లేచి వెళ్లి ఇంజను ఆపేసి, తాడు తీసి బొడ్లో దోపుకుంది.

"ఏం రెబ్కా, పొగరెక్కిందా? చేటలతో రెండు రోజులు చెరిగేది గంటలో అవుతుంటే!" అని యలమందయ్య అరిచాడు. ఆమె నిన్న కుట్టిన బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు అతని చెవి దగ్గర ఆడించింది. చప్పుడు లేదు. "మీ మోతలో ఇయ్యన్నీ బస్తాలోకి పోయినయ్యి. రేపు బూజు పడితే ఎవర్నంటారయ్యా? మేం ఏరేటప్పుడు ఇది తిరగదు. అన్నానికి లేచినప్పుడు తిప్పుకోండి." అతను తాడు కోసం చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు, వెళ్లి తన చోట కూర్చుంది. ఆ వేసవంతా మధ్యాహ్నం కాగానే యలమందయ్య వచ్చి నిలబడేవాడు. రెబ్కా చేతులు కడుక్కుని, ప్రార్థన చేసుకుని, అప్పుడు తాడు తీసి ఇచ్చేది. అన్నం తిని లేచాక ఆమె చేయి చాచేది.