అట్లకాడ దించిన స్వరం

కొత్తగా ఇంజనీరు ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని గట్టి నమ్మకం. రాదని తేలేదాకా అన్నీ వచ్చినట్టే కదా. సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో ఒక తెలుగు ఆంటీ వాళ్ల ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. కింది అంతస్తులోని చైనీస్ అంకుల్ ఇల్లు మారుతూ, "యు లైక్ మ్యూజిక్, యు టేక్ లా" అని తన పాత పెడల్ స్టీల్ గిటారు నాకు అంటగట్టాడు. గిటారంటే ఒళ్లో పెట్టుకునేది అనుకునేరు. ఇది నాలుగు కాళ్ల బల్లలా ఉంటుంది. కుర్చీలో కూర్చుని, పైన తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కింద పాదంతో పెడళ్లు తొక్కాలి. మొదటిరోజు ఆంటీ దాన్ని ఇస్త్రీ బల్ల అనుకుని సంతోషించింది. సంగతి తెలిశాక ఆ సంతోషం పోయింది.

"చూడు బాబూ, హాల్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. ఉగాది ప్రోగ్రాంలో దానిమీద ఒక్క పాటైనా సరిగ్గా వాయించు. లేదంటే పాతసామాన్లవాడికి ఇచ్చెయ్" అంది.

ఇచ్చెయ్యడం నావల్ల కాదు. అప్పటికే దాని మూలుగుకి దాసోహమైపోయాను. చిన్నప్పుడు మా అత్తయ్య పాడిన జోలపాట వాయిద్దామనుకున్నాను. అందులో మిగతా తీగలు కదలకుండా ఒక్క తీగ స్వరం మెల్లగా కిందికి దిగాలి. కడ్డీ జరిపితే అన్నీ కలిసి దిగుతాయి, పెడల్ తొక్కితే స్వరం పైకి పోతుంది. కొత్త గిటార్లలో ఈ పనికి మోకాలితో పక్కకు నెట్టే లివర్లు ఉంటాయట. మాది ముసలిది, దానికి ఆ భాగ్యం లేదు.

నా గదిలో ఇంకో కుర్రాడు ఉండేవాడు, షిప్‌యార్డులో ఇంజనీరు. పెళ్లి కుదరట్లేదన్నా సరే "టార్క్ సరిపోవట్లేదు మామా" అని తిప్పే బలం లెక్కే చెప్పేవాడు కాబట్టి వాణ్ణి టార్క్ అనే పిలిచేవాళ్లం. "ఒక పొడుగు కాడ, చివర మోకాలు ఆన్చడానికి వెడల్పు రేకు. అంతే మామా" అని బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూడగానే ఇద్దరికీ ఒకే వస్తువు గుర్తొచ్చింది. అది వంటింట్లో కొక్కేనికి వేలాడుతోంది. (ఆంటీని అడగొచ్చు. ఇవ్వదని తెలిసినవాళ్లు అడగరు.) టార్క్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నిక్కరులో ఉన్న నా మోకాలికి కొలతలు తీసి, అట్లకాడను గిటారు అడుగున బిగించి, సన్నని కమ్మీతో తీగకు కలిపాడు. మోకాలితో నెట్టాను. తీగ వదులై స్వరం దిగింది. అచ్చం అత్తయ్య గొంతే. నాకు ఏడుపొచ్చింది. "టార్క్ సరిపోయింది మామా" అన్నాడు వాడు. ఆ మాట వాడి నోట నేను విన్నది అప్పుడే. ఆంటీ మాత్రం ఇల్లంతా వెతికి, చివరికి ప్లాస్టిక్ అట్లకాడ కొని, దానితో చిరిగిన అట్లన్నీ మాకే పెట్టింది.

ఉగాదినాడు మగవాళ్లంతా పంచె కట్టాలన్నారు. కట్టాను. నిక్కరుకీ పంచెకీ తేడా ఉందని ఇద్దరు ఇంజనీర్లకూ తట్టలేదు. తెర లేచింది. ముందు వరసలో ఆంటీ. పాట ఆ స్వరం దగ్గరికి రాగానే మోకాలితో నెట్టాను. దిగింది. మోకాలు వెనక్కి తెచ్చాను. అట్లకాడ కూడా వచ్చింది, పంచె మడతను వెంటబెట్టుకుని. రెండోసారికి పంచె మోకాలు దాటింది. ఇంకోసారి నెడితే ఏమవుతుందో సభకంతా అర్థమైంది. చేతులు రెండూ తీగల మీద ఉన్నాయి. ఆపితే గిటారు పోతుంది, ఆపకపోతే పరువు పోతుంది. పరువు మళ్లీ సంపాదించుకోవచ్చులే అనుకున్నాను.

పంచె లేచేకొద్దీ అట్లకాడ బయటపడింది. ఆంటీ ముందుకు వంగి చూసి, లేచి, నేరుగా వేదిక ఎక్కింది. సన్మానమేమోనని ఎవరో చప్పట్లు కొట్టారు. ఆవిడ నా పక్కన కింద కూర్చుని, అట్లకాడనుంచి పంచె విడిపించి, అంచు గట్టిగా పట్టుకుని, "కానివ్వు, నేను పట్టుకుంటాలే" అంది. పాట అయ్యేదాకా వదల్లేదు. చివరి స్వరం దిగుతుండగా చూస్తే కళ్లు తుడుచుకుంటోంది, నా పంచె అంచుతోనే.

ఇంటికొచ్చి అట్లకాడ విప్పబోతే, "ఉంచు. మోకాలు తగిలినదానితో నేను అట్లు వెయ్యను" అంది. గిటారు హాల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడది సెరంగూన్‌లోని మా ఫ్లాట్‌లో అడ్డంగా ఉంది. "నాన్నా, బై ప్రాపర్ వన్ లా" అంటుంది మా అమ్మాయి. ఆంటీ కాకినాడ వెళ్లిపోయింది. ఉగాదికి ఫోన్ చేసి ముందు అట్లకాడ క్షేమం, తర్వాత నా క్షేమం అడుగుతుంది. నెట్టినప్పుడల్లా కిర్రుమంటోందని ఈమధ్య దానికి నూనె వేశాను. కిర్రుమనేది నా మోకాలని తర్వాత తెలిసింది. ఎప్పుడు వాయించినా నిక్కరే వేసుకుంటాను. పంచె కడితే అంచు పట్టుకోవడానికి ఆవిడ ఇక్కడ లేదు.