బొంత కుట్టినట్టు చాసీ అతికిన

మా మిరపకాయల గిర్నీ జీపు మీద ఉంటది. భద్రాచలం దిక్కు అడవి పక్క ఊర్లకు పోయి, ఇండ్ల ముందటనే కారం పట్టిస్తం, నేనూ మా ఆయనా. ఆ జీపుకు ఒక్కటే రోగం, పొడుగు. గూడేల సందుల్లో మలుపు తిరగదు. రోడ్డు మీద ఆపితే మూటలు మోసుకొని అంత దూరం ఎవరొస్తరు? పోయినేడు సగం మంది రాలే. అందుకే ఈసారి మిర్చి ఎండకముందే దాని నడుములోంచి మూరెడు ముక్క తీసేద్దామనుకున్నం.

మా ఆయన చాసీ, అంటే జీపు కింది ఇనుప చట్రం, కోసిండు. ఖమ్మంలో లేత్ షాపుకు పోయి ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే రాడ్డు కూడా పొట్టి చేయించిండు. కొత్త వెల్డింగ్ మిషన్ తెచ్చిండు, బియ్యం డబ్బా కంటే చిన్నది. తెచ్చిన తెల్లారే గిర్నీ మీదికెక్కి జారిపడ్డడు. కుడి భుజం తప్పింది, చెయ్యి మెడకు కట్టిండ్రు. కొత్తగూడెంలో ఇద్దరు వెల్డర్లను అడిగితే, "చాసీ అతుకు మాకొద్దన్నా, రేపు విరిగితే మమ్మల్నే అంటరు" అన్నరు. రెండు ముక్కల జీపు వాకిట్ల పడున్నది. సీజన్ చూస్తే మీదికొచ్చింది.

"నేను చేస్త" అన్న.

"ఏందే, అది కుట్టుమిషన్ అనుకున్నవా?"

"నువ్వు చెప్పు, నేను చేస్త. నోరు బాగనే ఉంది కదా నీకు."

రెండు రోజులు తుక్కు ఇనుము మీద నేర్చుకున్న. వెల్డింగ్ పుల్ల ఇనుముకు ఆనిస్తే చాలు, అతుక్కపోయేది. మూడో రోజు కుదిరింది. మొహానికి వెల్డింగ్ నల్లద్దం పెట్టుకుంటే లోకమంతా చీకటి. ఆ చీకట్ల చింతగింజంత వెలుగు, దాని కింద ఇనుము బెల్లం పాకం లెక్క కరిగి కదులుతున్నది. అబ్బ, ఎంత చూసినా చాలనిపియ్యలే! పైన నల్ల పెచ్చును సుత్తెతో కొడితే, కింద చేప పొలుసుల్లాంటి వరుస.

"అత్తమ్మా, చూడు చూడు!"

అత్తమ్మ కళ్లజోడు సర్దుకున్నది. "నా కొడుకు ఇంత సక్కగ ఎన్నడన్న పెట్టిండా?"

"అమ్మా, నువ్వెవరి దిక్కు?" అన్నడు మా ఆయన.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి చాసీ పట్టిన. రెండు ముక్కలను వరుసకు పెట్టి, కదలకుండ అక్కడక్కడ వెల్డింగ్ చుక్కలు వేసిన. అంతల మా ఆయన ఫోను మోగితే రోడ్డు మీదికి పోయిండు. నాకేమో చేతులు ఆగుతలేవు. ఎడమ పక్క అతుకును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గుక్కల లాగేసిన. ఎంత ముద్దుగ వచ్చిందో!

ఆయనొచ్చి, ఒక కొస నాకిచ్చి, చాసీ మూల నుంచి ఎదురు మూలకు కొలత దారం పట్టిండు. మిగిలిన రెండు మూలలకు పట్టిండు. రెండు వేళ్ల తేడా. ఆయన మొహం మాడింది.

"బండి పక్కకు లాగుతదే. వాగులో దిగినప్పుడు తిరగబడుతది."

"నేను కదిలియ్యలేదయ్యా!"

"నువ్వు కాదు, వేడి. చల్లారేటప్పుడు ఇనుము గుంజుకుంటది."

గుంజుకునుడంటే నాకు తెల్వదా? పాత చీరలతో ఎన్ని బొంతలు కుట్టిన! ఒక్క దిక్కు నుంచే కుట్టుకుంటపోతే ముడుచుకపోతది. ముందు నాలుగు మూలలు పట్టిచ్చి, నడుమ పట్టిచ్చి, ఇటు కొంచెం అటు కొంచెం కుట్టాలె.

"ఈ మాట ముందే చెప్తే ఏం పోయేది?" అన్న.

"అడిగినవా?"

ఇనుము కోసే గ్రైండర్‌తో అతుకంతా కోసేసిన. సరిచేసి మళ్ల మూలలకు చుక్కలు. ఎడమ పక్క రెండు వేళ్లు, కుడి పక్క రెండు వేళ్లు. పైన కొంచెం, కింద కొంచెం. చల్లారినంక మళ్ల కొంచెం. పొద్దు వాలేసరికి దారం పడితే రెండు దిక్కులా ఒక్కటే కొలత! ఎగిరి గంతేసిన. తెల్లారి అతుకుల మీద బలానికి ఇనుప పలకలు కూడా వేసినం.

వారానికి జీపు నిలబడ్డది. మా ఆయన చెయ్యి కట్టు విప్పినంక గిర్నీ ఎక్కించి వాగులో దిగినం. ఒడ్డెక్కినంక ఆయనను ఆపమని కిందికి దూరి చూసిన. అతుకుల మీద వెంట్రుకంత పగులు లేదు. గూడెం సందులో ఒక్కసారికే మలుపు తిరిగింది. మిర్చి గంపలతో ఆడోళ్లు అప్పటికే వరుసల నిలబడ్డరు.

"ఇంకేమన్న కోసి అతికేదుందా?" అని అడిగిన మా ఆయనను.

"ముందు గిర్నీ ఆన్ చెయ్యవే తల్లీ."