‘కొనొద్దు’ నోంగ్ తాత

నోంగ్ షౌరెన్ తాతకు ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఎవరు ఏ వస్తువు కొనబోతున్నా ‘కొనొద్దు’ అనకుండా ఉండలేకపోవడం. ఫ్లాస్కు కొంటున్నా అదే మాట, గొడుగు కొంటున్నా అదే మాట. వీధిలో ఒకాయన పళ్ల సెట్టు కట్టించుకుని మురిపెంగా నవ్వి చూపిస్తే, ముందు నన్ను అడగాల్సింది అని పెదవి విరిచాడు. ఆ పూటంతా ఆయన మళ్లీ నోరు తెరవలేదు.

అయితే ఈ జబ్బు బాగా ముదిరేది చవక కరెంటు స్కూటర్ల దగ్గర. చిన్ దాషాన్ స్కూటర్ల కొట్టు ముందు వెదురు ముక్కాలిపీట వేసుకుని, పొద్దున ఏడింటికల్లా తాత డ్యూటీ ఎక్కేవాడు. చిన్ అమ్మేవన్నీ ఊరూ పేరూ లేని ఫ్యాక్టరీల బుల్లి బళ్లు. పెద్ద కంపెనీ బండి ధరలో సగానికే వస్తాయి. ఎవరైనా ఒక గులాబీరంగు బండి హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే చాలు, బయటినుంచి ‘కొనొద్దు’ అని వినబడేది.

చిన్ చెయ్యని ప్రయత్నం లేదు. రోజూ చామంతి టీ పంపించి చూశాడు. దాంతో తాత గొంతు శుభ్రపడి, ఆ మాట వీధి చివరిదాకా వినబడసాగింది. చివరికి, జీతమిస్తాను, వెళ్లి పై వీధిలో నా పోటీదారు కొట్టు ముందు కూర్చోమని బతిమాలాడు. తాత జీతం వద్దన్నాడు గానీ వెళ్లాడు. భోజనాల వేళకు తిరిగొచ్చేశాడు. అక్కడ ఎండ కొడుతోందట.

“పెద్దాయనా, నామీద మీకేం పగ?” అని చిన్ ఏడుపు మొహంతో అడిగాడు.

“నీమీద పగేమిటి నాయనా? నువ్వు మంచివాడివే. నీ బండే మంచిది కాదు.”

ఇలాంటి కొట్టుకు మెంగ్ యూలాన్ వచ్చింది. ఆరేళ్ల కూతురితో అదే వీధిలో ఉండేది. కొండ అవతల బియ్యపు సేమియా మిల్లులో ఆమెకు కొత్తగా పని దొరికింది. తెల్లవారుజామున అయిదింటికి అక్కడ ఉండాలి. మొదటి బస్సు ఆరున్నరకి. మూడుసార్లు ఆలస్యమైతే నాలుగోసారి రానక్కర్లేదని యజమాని ముందే చెప్పేశాడు. ఆమె దగ్గరున్న డబ్బుకు చిన్ కొట్టులో అన్నిటికంటే చవకైన ఆకుపచ్చ స్కూటర్ ఒక్కటే వస్తుంది.

ఇది కొండ ఎక్కుతుందా అని ఆమె చిన్‌ని అడిగింది. చిన్ నోరు విప్పేలోపే బయటినుంచి జవాబొచ్చింది.

“భేషుగ్గా ఎక్కుతుంది. దిగేటప్పుడు ముక్కలుగా దిగుతుంది. కొనొద్దమ్మాయ్.”

యూలాన్‌కు ఒళ్లు మండింది. “మరి నన్ను కొండ మీదుగా నడిచి పొమ్మంటారా తాతా?”

కొనొద్దని చెప్పడం వరకే తన పని అని తాత గొణిగి ఇంకోవైపు తిరిగాడు. ఆమె బండి కొని, రెండు అద్దాలకూ శుభమని ఎర్రగుడ్డ కట్టి, అతని పీట చుట్టూ కావాలనే రెండు చుట్లు కొట్టి మరీ వెళ్లింది.

ఆ రోజునుంచి ఆమె మిల్లునుంచి వస్తూ తాత ముందు బండి ఆపేది. నడుస్తోంది తాతా అనేది. నిన్నటిదాకా నడిచింది, రేపటి సంగతి చూద్దాం అనేవాడు తాత. అలా నాలుగు నెలలు గడిచాయి. బండికి ఒక్క రిపేరు రాలేదు, ఆమెకు ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఇక మిల్లులో యూలాన్‌ను పట్టలేకపోయారు. చవక బండి అంటే తీసిపారెయ్యకండి, నా బండి చూడండి అని చాటింపు వేసింది. ఆ మాట నమ్మి అదే మిల్లులో పనిచేసే కొండ అవతలి ఊరి ఆడవాళ్లు నలుగురు చిన్ దగ్గర అచ్చం అలాంటి బళ్లే కొన్నారు. తాత నలుగురికీ విడివిడిగా, ఓపిగ్గా వద్దని చెప్పాడు.

పది రోజులు తిరక్కుండానే ఒకామె అద్దం ఊడి చేతికొచ్చింది. ఇంకొకామె సీటు కూర్చుంటే ఒక పక్కకి, లేస్తే ఒక పక్కకి వాలసాగింది. లూ గుయిషియాంగ్ అనే ఆమెకు బ్రేకు తీగ జారిపోయి, బండి తోసుకుంటూ రావడంతో ఆలస్యమైంది. అది ఆమెకు మూడోసారి.

“ఏమే యూలాన్, చిన్ నీకు కమీషన్ ఎంతిచ్చాడే?” అని అందరి ముందూ అడిగేసింది. “రేపు నా పని పోతే నా పిల్లలకి నువ్వు పెడతావా?”

కొట్టు అదే, ధర అదే, బండి అదే. తనది రాయిలా ఉంటే వాళ్లవి ఎందుకు రాలిపోతున్నాయో యూలాన్‌కు బోధపడలేదు. తన బండి కూడా రేపోమాపో కొండ మలుపులో విడిపోతుందేమోనని భయం పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ వీధిలో కుక్కతో సహా అందరూ రెండింటిదాకా నిద్రపోతారు. ఆ రోజు యూలాన్‌కు మాత్రం కన్ను మూతపడలేదు. బయట ఏదో కీచుమంటే తలుపు సందులోంచి చూసింది. వీధిలో ఇళ్లన్నిటి ముందూ సాగే వసారాలో ఆమె బండి కింద అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా పడుకుని, పానాతో నట్లు బిగిస్తున్నాడు నోంగ్ తాత.

ఆమె చెప్పులు లేకుండా వెళ్లి పక్కన గొంతుక్కూర్చుంది. తాత ఉలిక్కిపడి నుదురు బండికి కొట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నారు తాతా?”

“ఏముంది, ఇదెంత చెత్త బండో చూస్తున్నా.”

“ఎన్నాళ్లనుంచి చూస్తున్నారు?”

“నువ్వు కొన్న రోజునుంచి.” నుదురు రుద్దుకుంటూ లేచి కూర్చున్నాడు. ఇలాంటి ఫ్యాక్టరీలోనే పంతొమ్మిదేళ్లు పనిచేశానని, మోటారుకూ బ్యాటరీకీ వంక పెట్టక్కర్లేదని, చివర్లో నట్లు బిగించేవాడికి మాత్రం బండికి నలభై సెకన్లే ఇస్తారని చెప్పాడు. చెయ్యి సగం తిరిగేసరికే బండి ముందుకెళ్లిపోతుందట.

“మరి కొని బిగించుకోండని చెప్పొచ్చుగా?”

“చెప్పి చూశానమ్మాయ్. అందరూ తలూపారు, ఒక్కడూ పానా పట్టలేదు. అందుకే కొనొద్దంటున్నా.”

“ఇది ముక్కలైతే మీ మాటే నెగ్గేదిగా?”

“నెగ్గేది,” అన్నాడు తాత. “పాపని బడినుంచి దీనిమీదేగా తీసుకొస్తావు. అలా నెగ్గి నేనేం చేసుకోను?”

యూలాన్ అప్పుడు వసారా పొడవునా చూసింది. వీధిలోని బళ్లన్నీ, కింద అట్టముక్క పరవడానికి జరిపినట్టు, ఒక్కొక్కటీ కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి. మన వీధిలో అమ్మిన బండి రిపేరుకి తిరిగి రాదు అని చిన్ ఎందుకు మీసం మెలేస్తాడో ఆమెకు అర్థమైంది. ఎవరికీ చెప్పకు, తెలిస్తే ఇక నా మాట ఎవడూ లెక్కచెయ్యడు అని తాత బతిమాలాడు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఆ ముసలాయనమీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆదివారం నలుగురినీ బళ్లతో భోజనానికి పిలిచింది. అన్నం పెట్టి, చాపలు పరిచి, ఏమీ అడక్కుండా పడుకోండని కసిరింది. కాసేపటికి అయిదుగురూ తలుపు సందు దగ్గర ఒకరిమీద ఒకరు పడి చూస్తున్నారు. తాత ఆ నాలుగు కొత్త బళ్ల పక్కనుంచి చూడనట్టే వెళ్లాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ల నాలుగు తరాలనూ తిట్టి, అట్టముక్క పరిచాడు.

మర్నాడు గుయిషియాంగ్ అయిదింటికి అయిదు నిమిషాల ముందే మిల్లులో ఉంది. ఆ వారం అందరికంటే ముందు వచ్చింది ఆమే. పై ఆదివారం బండి వసారాలో పెట్టి, నిద్రపోయి లేచి, వెళ్లబోతూ తాత పీట దగ్గర ఆగింది. తాత గ్రీజు చేతులు వెనక దాచుకున్నాడు.

“తాతా, మా చెల్లెలు కూడా ఇలాంటిదే కొంటానంటోంది. కొనొచ్చంటారా?”

“కొనొద్దు,” అన్నాడు తాత ఠక్కున. వీధిలో ఎవరూ వినడం లేదని చూసుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“మీ చెల్లెలికి మధ్యాహ్నం నిద్రపోయే అలవాటుందా?”