నూనె తుడిచిన హార్డ్ డిస్క్

మేముండేది పోర్ట్‌బ్లెయిర్ దగ్గర మిన్నీ బేలో. మా పాపకు పేరు పెట్టిన రోజు మామయ్య చేసిన ప్రార్థన వీడియో మా కంప్యూటర్‌లో ఒక్కచోటే ఉండేది. తర్వాతి నెలలోనే ఆయన పోయారు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అత్తయ్య ఆ గొంతు వినేవారు.

ఉప్పుగాలికి హార్డ్ డిస్క్ తుప్పు పట్టి టక్ టక్ మనడం మొదలెట్టింది. మావారు అలాంటిదే ఇంకొకటి కొన్నారు. అంతా ఉన్నదున్నట్టు అందులోకి క్లోన్ చేద్దామని, పాతదాన్ని ఊడదీసి ‘పాతది’ అని కాగితం అంటించి భోజనానికి లేచారు.

తిరిగొచ్చేసరికి కాగితం లేదు. మెరుస్తున్నదే కొత్తదనుకుని, రెండోదాన్ని దాని మీదికి కాపీ చేశారు. అయ్యాక చూస్తే రెండూ ఖాళీ, ఏమీ లేని కొత్తదే పాతదాని మీదికి ఎక్కేసింది.

అప్పుడే అత్తయ్య వచ్చారు. “తుప్పట్టిపోతోందని కొబ్బరినూనెతో తుడిచాన్రా, కుట్టుమిషన్‌లాగే. కాగితం ఊడొచ్చేసింది. బాగుందా?”

“బాగుందమ్మా,” అన్నారు మావారు. ఆవిడ వెళ్లాక నాతో, “అమ్మకి మత్ బోల్నా, చెప్పకు, తట్టుకోలేదు,” అన్నారు.

మొన్న ఆదివారం కూడా అత్తయ్య పాపను ఒళ్లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

“ఇంకా బాగవలేదా అమ్మాయ్?”

“పార్టు ఓడలో రావాలత్తయ్యా.”

ఆవిడకు చదవడం రాదు కనుకే ఇది రాయగలుగుతున్నాను. రేవులో ఓడ కూసినప్పుడల్లా ఆవిడ నా ముఖం వంక చూస్తారు.