ఎత్తని ఫోటోలు

మెడలో కెమెరా ఉన్నప్పుడు మాత్రమే హేమనాథ్‌ను జనం 'సార్' అని పిలిచేవాళ్ళు. పట్టాభిరామ్ అనే ఊళ్ళో అతను పనిచేసే చిన్న ఫ్యాక్టరీలో సామాను గది చూసుకునేవాడికి అంత మర్యాద దొరకదు. మేనేజరు మొదలుకొని లారీ క్లీనరు దాకా అక్కడ అందరికీ అతను ఉత్త 'హేమా'యే. అందుకే పాత కెమెరా ఒకటి కొనుక్కున్న నాటినుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. తెల్లవారీ తెల్లవారకముందే తిరువళ్ళూరులో రైలెక్కి ఎటో ఒకవైపు పోయేవాడు.

ఒకసారి ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర లారీల వరసను ఫోటో తీస్తుంటే, ఒక డ్రైవరు దిగివచ్చి బండి కాగితాలన్నీ అతని చేతిలో పెట్టాడు. హేమనాథ్ వాటిని గంభీరంగా తిరగేసి, "సరే, పో" అన్నాడు. ఇంకోసారి తిరుత్తణి కొండ మెట్ల మీద, అప్పుడే గుండ్లు చేయించుకున్న ఒక కుటుంబం అతన్ని టీవీవాడు అనుకుంది. తలలకు గంధం పూసుకుని వరసగా నిలబడి, ఎప్పుడు వేస్తారని అడిగారు. "ఈ రోజు సాయంత్రం చూడండి" అన్నాడు. ఇంటికొచ్చి భార్య నిత్యకు ఈ సంగతులు చెప్పి నవ్వాడు.

నిత్య నవ్వలేదు. "పాపం, వాళ్ళు టీవీ ముందర కూర్చోనుంటారు గదా" అంది.

అతను మాట మార్చాడు.

మామిడి పిందె పడే రోజుల్లో ఒక ఆదివారం అత్తిమంజేరిపేట దాటి ఒక పల్లె దగ్గర బస్సు దిగాడు. కొత్తగా రాబోయే రోడ్డు కోసం పొలాల్లో అక్కడక్కడా పసుపు రంగు రాళ్ళు పాతి ఉన్నాయి. ఒక తోట గట్టు మీద ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూడగానే హేమనాథ్ ఆగిపోయాడు. ఎండ పక్కనుంచి పడి, ఒక్కొక్క ముడతా చెక్కినట్టు కనిపిస్తోంది. ఆయన పేరు చెంగయ్య.

"రోడ్డు ఆఫీసునుంచి వచ్చినారా సార్?" అని అడిగాడు చెంగయ్య.

కాదంటే ఆయన తన పని తాను చూసుకుంటాడు. ఆ ముఖం, ఆ వెలుగు మళ్ళీ దొరకవు. హేమనాథ్ "ఊఁ" అన్నాడు.

ఆ మాటతో చెంగయ్య గట్టు దిగి, తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. రోడ్డుకు పోయే చెట్లన్నీ లెక్కలోకి రావాలని తోటంతా తిప్పి చూపించాడు. "ఇది మా నాయన పెట్టిన చెట్టు సార్, దీన్ని ఫోటో ఎత్తుకోండి. ఇది బెంగుళూరా మామిడి, పోయిన ఏడు కొమ్మ విరిగేటంత కాసింది. ఇదీ ఎత్తుకోండి." హేమనాథ్‌కు చెట్లతో పనిలేదు. అయినా ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకని కెమెరా చెట్టువైపు తిప్పి, మీట సగం నొక్కేవాడు. కీచుమని చిన్న శబ్దం వచ్చేది. ఆ శబ్దం వినగానే చెంగయ్య తృప్తిగా తలూపి ఇంకో చెట్టు దగ్గరికి నడిచేవాడు. మామిళ్ళు, టెంకాయ చెట్లు, గట్టు మీది పనస, అన్నింటికీ అదే వరస. నడుమనడుమ మాత్రం "కొంచెం ఇట్లా తిరగండి తాతా" అని ఆయన ముఖాన్ని, చేతుల్ని నిజంగానే ఫోటో తీసుకున్నాడు.

చెంగయ్య భార్య సుబ్బమ్మ లేత టెంకాయ కొట్టి ఇచ్చింది. "మళ్ళా ఎప్పుడొస్తారు సార్?" అని అడిగింది.

"ఆఫీసునుంచి చెప్తారమ్మా" అన్నాడు హేమనాథ్. గొంతు చల్లబడిన సుఖంలో ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతనికే తెలియలేదు.

కొన్ని నెలల తరువాత ఫోటోల సరదా ఉన్నవాళ్ళంతా చేరి తిరుత్తణిలో ఒక కల్యాణమండపంలో ప్రదర్శన పెట్టారు. హేమనాథ్ తీసిన చెంగయ్య ముఖం గుమ్మానికి ఎదురుగానే వేలాడింది. "వెనకాల పచ్చదనం వెన్నలాగ కరిగిపోయింది గదా" అని చూసినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. అతను చేతులు కట్టుకుని పక్కన నిలబడి వింటున్నాడు.

కాలేజీ పిల్ల ఒకతె ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. తరువాత అతని దగ్గరికి వచ్చి అరవంలో మొదలుపెట్టి, అతని యాస విని తెలుగులోకి మారింది.

"ఈ ఫోటో మీరు ఎత్తిందేనా సార్? ఈయన మా తాత. నా పేరు యశస్విని. మీరు రోడ్డు ఆఫీసు సార్ గదా? మీ కోసం ఎంత వెతికినామో."

జవాబుకు ఆగకుండా ఆ పిల్ల చెప్పుకుపోయింది. ఎండలు ముదిరిన వైకాసి నెలలో పెద్ద గాలివాన కొట్టి తోటలో పెద్ద మామిళ్ళు చాలావరకు కూలిపోయాయట. ఆఫీసుకు చూపించేదాకా వాటిని అట్లాగే ఉంచుదామని ఆమె తండ్రి అన్నాడట. సార్ వచ్చి అన్నీ ఫోటో ఎత్తుకుని పోయినాడు, ఇంకేమి భయం అని చెంగయ్య ఆ మానుల్ని కోయించి, మొదళ్ళు కూడా తీయించి, నేల దున్నించాడట. ఆ తరువాత నిజంగా కొలతలవాళ్ళు వచ్చారు. నిలబడి ఉన్న చెట్లనే రాసుకున్నారు. మీ సారొకరు ముందే వచ్చి పోయినాడని చెంగయ్య ఎంత చెప్పినా, మేమెవరినీ పంపలేదే అన్నారు.

"లేని చెట్లకు పరిహారం అడగతాండాడని ఊరంతా నవ్వినారు సార్. మా తాత ఇప్పుడు టీ అంగడికి గూడా పోయేది లేదు. మీ దగ్గర ఆ ఫోటోలు ఉంటాయి గదా. అవి ఇస్తే చాలు."

"చూసి చెప్తాను" అన్నాడు హేమనాథ్. చూడాల్సింది ఏమీ లేదని ఆ మాట అంటున్నప్పుడే అతనికి తెలుసు.

అయినా ఇంటికి వెళ్ళి వెతికాడు. ముసలాయన కళ్ళు, వేళ్ళు, తలగుడ్డ అంచు, సుబ్బమ్మ చేతిలో కత్తి ఉన్నాయి. చెట్టు ఒక్కటీ లేదు. నిత్య వెనక నిలబడి చూసింది. జరిగింది చెప్పాడు. ఆమె తిట్టలేదు. "పోయి చెప్పేసిరాపో" అని మాత్రం అని లోపలికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ప్రదర్శనలోని ఫోటోను చట్రంతో సహా తీసుకుని, వార్తాపత్రికలో చుట్టి, ఆ వచ్చే ఆదివారం పల్లెకు వెళ్ళాడు. ఊరికే వట్టి చేతులతో పోలేక తీసుకుపోయాడు గాని, ఇంటి ముందు నిలబడేసరికి అదే పెద్ద బరువైపోయింది.

చెంగయ్య మంచం మీదినుంచి లేచి, "రాండి సార్, కూర్చోండి" అన్నాడు. పటం విప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ముఖం బాగానే ఉండాది. చెట్లు యాడ?"

"ఇందులో లేవు తాతా."

చెంగయ్య తన భుజం వెనక కరిగిపోయిన పచ్చదనం మీద వేలు పెట్టాడు. "ఇది మా తోటే గదా? ఇందులో ఉండాల గదా?"

"అది మసకగా రావాలనే అట్లా తీసినాను. నేను రోడ్డు ఆఫీసు మనిషిని కాదు తాతా. సరదాకు ఫోటోలు తీసుకునేవాణ్ణి. చెట్ల ఫోటోలు నేను తీయలేదు."

సుబ్బమ్మ వాకిట్లో చేట పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. "ఆఫీసునుంచి చెప్తారని నువ్వే గదా చెప్పినావు నాయనా" అంది.

సార్ పోయి నాయన అయ్యాడు హేమనాథ్.

చెంగయ్యకు ఇంకా నమ్మకం కుదరలేదు. "తీయలేదంటే ఎట్లా? చెట్టు చెట్టుకూ శబ్దం వచ్చినాది. నేను విన్నాను గదా."

మీట సగం నొక్కితే కూడా ఆ శబ్దం వస్తుందని, ఫోటో మాత్రం పడదని హేమనాథ్ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో దొంగతనం అంటగట్టినా ఇంత కుంగేవాడు కాదేమో. చెంగయ్య అంతా విన్నాడు. విన్న తరువాత, చెట్టు దగ్గర తాను ఆగడం, శబ్దం విని తలూపడం గుర్తుకొచ్చినట్టు, ఒకసారి తనలో తానే తలూపాడు. అది చూడలేక హేమనాథ్ వాకిలివైపు తిరిగాడు.

"సరే, చెట్లు పోయినాయి" అన్నాడు చెంగయ్య చివరికి. "నువ్వొచ్చింది నిజమని ఒక మాట చెప్పు. రేపు ఊళ్ళో ఆఫీసులో అందరూ ఉంటారు. నేను అబద్ధమాడలేదని చెప్పు, చాలు."

మరునాడు హేమనాథ్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి గ్రామాధికారి జగన్నాథన్ ఆఫీసుకు వెళ్ళాడు. పట్టా పనుల మీద వచ్చిన ఊరివాళ్ళు బెంచీల నిండా ఉన్నారు. చెంగయ్యను పక్కన పెట్టుకుని, అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాడు.

"రోడ్డు ఆఫీసువాణ్ణని చెప్పుకున్నావా?" అని అడిగాడు జగన్నాథన్.

"వాళ్ళు అడిగినారు సార్. ఊఁ అన్నాను."

"ఎందుకు?"

దానికి జవాబు అతని దగ్గర ఉంది. నన్ను సార్ అన్నారు, అది బాగుంది, అందుకని. అంతమందిలో ఆ మాట నోరు దాటి రాలేదు. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాథన్ కూలిపోయిన చెట్లను ఇప్పుడు చేర్చడానికి వీల్లేదని, ఇటువంటి పని ఇంకోసారి చేస్తే పోలీసులకు చెప్తానని అన్నాడు. తరువాత చెంగయ్య వైపు తిరిగి, "తప్పుగా అనుకున్నాను పెద్దాయనా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. చెంగయ్య తలగుడ్డ దులిపి కట్టుకున్నాడు.

బయటికొచ్చాక హేమనాథ్ బస్టాపువైపు నడిచాడు. చెంగయ్య కూడా వెనకే వచ్చాడు. "మీరు పోండి తాతా, నేను పోతాను" అన్నా వినలేదు. ఇంటికొచ్చిన మనిషిని బస్సెక్కించకుండా పోవడం ఆయనకు అలవాటు లేదు. ఇద్దరూ గోడ నీడలో నిలబడ్డారు. బస్సు తొందరగా రాలేదు. తిట్టేవాడైతే ఒక దండం పెట్టి తప్పుకోవచ్చు, ఇట్లా పక్కన నిలబడేవాణ్ణి ఏం చేయాలో హేమనాథ్‌కు తెలియలేదు.

పళ్ళిపట్టు వైపునుంచి బస్సు వచ్చింది. చెంగయ్య చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. "తిరుత్తణిలో దించప్పా, మా ఇంటికి వచ్చినాడు" అని కండక్టరుతో చెప్పి, వెనుదిరిగి టీ అంగడివైపు నడిచాడు.